చిత్తూరు నాగయ్యగారి గానమును, నటనమును

హోసూరునుండి కృష్ణగిరి మీదుగా చెన్నపట్టణమునకు పోవు పెద్దబాట యొకటి కలదు. కోలారు, పలమనేరు, చిత్తూరుల మీదుగా అదే పట్టణమునకు పోవు బాట మరియొకటి కలదు. ఈ రెండు బాటల నడుమనున్న సీమలో తెలుగు, తమిళము, కన్నడము మూడును ఒకే సంతలో వినబడును. రెండవ బాటమీది ఊరి పేరును తన పేరునకు ముందు నిలుపుకొని, రెండు బాటలును చేరు పట్టణమున కీర్తి గడించిన యొక గాయకనటుని గూర్చి ఈ వ్యాసమున ముచ్చటింపదలచితిమి. ఆయనయే చిత్తూరు వి. నాగయ్యగారు.

మా తరగతిలోని విద్యార్థులను "నాగయ్యగారి నెరుగుదురా?" యని యడుగగా ముగ్గురు నలుగురు మాత్రమే చేతులెత్తిరి. వారును "లవకుశలో వాల్మీకి" యనిరి. 1963లో వచ్చిన ఆ రంగుల చిత్రములో నాగయ్యగారు వాల్మీకి పాత్రను ధరించిన మాట నిజమే. కాని అప్పటికి ఆయనకు 59 ఏండ్లు. ఆయన కళాజీవితములోని ప్రధాన ఘట్టము అంతకు పదునారేండ్ల ముందే ముగిసినది. గడ్డము పెట్టుకొని మెల్లగా మాటలాడు ముసలి ముని యని మాత్రమే ఆయనను తలచువారు, ఒకప్పుడు దక్షిణదేశమందలి పెద్ద కథానాయకులలో ఆయన యొకరనియు, తన పాటకు తానే వరుస కట్టి, తానే పాడి, తానే నటించిన వారనియు విన్నచో ఆశ్చర్యపడుదురు.

ఆ కాలపు నటుడు ఏల పాడవలసి వచ్చెను? నటునకు పాట యవసరము లేని కాలము వచ్చినపుడు పాడగల నటుని గతి యేమయ్యెను? ఈ రెండు ప్రశ్నలకును నాగయ్యగారి చరిత్రకంటె మంచి సమాధానము మాకు తోచుట లేదు.

కొంచెము వెనుకకు పోవుదము. అమెరికాలోని హాలీవుడ్‌లో వార్నర్ సోదరుల సంస్థవారు "ది జాజ్ సింగర్" అను చిత్రమును తీసి 1927 అక్టోబరు 6వ తేదీన ప్రదర్శించిరి. అందులోని కథానాయకుడు ఆల్ జాల్సన్ నాటకశాలలలో పాడి పేరు పొందిన గాయకుడు. ఆ చిత్రము చాలభాగము మూకయే. పాటలు వచ్చినపుడును, నడుమ రెండు మూడు చోట్ల మాటలు వచ్చినపుడును మాత్రమే శబ్దము వినబడెను. ఆ శబ్దమైనను ఫిలిము మీద లేదు. గ్రామఫోను ప్లేటువంటి పెద్ద ప్లేటుమీద నుండెను. బొమ్మను, ప్లేటును ఒకే వేగమున త్రిప్పుచుండిరి. తెరమీది బొమ్మ మాటలాడకముందే పాడినదని చెప్పిన తప్పు లేదు.

మనదేశమున 1931 మార్చి 14వ తేదీన బొంబాయిలో "ఆలం ఆరా" విడుదలయ్యెను. అదే సంవత్సరము అక్టోబరు 31వ తేదీన హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన "కాళిదాసు" మదరాసులో ప్రదర్శింపబడెను. అందు కథానాయిక టి. పి. రాజలక్ష్మిగారు తమిళమున మాటలాడగా కథానాయకుడు తెలుగున బదులు చెప్పెను. తక్కిన దేశమునకు ఇది వింతగా తోచవచ్చును గాని, మన హోసూరు సంతలో ప్రతివారమును జరుగు సంభాషణ ఇట్టిదే. పూర్తిగా తెలుగున తీసిన "భక్త ప్రహ్లాద" 1932 ఫిబ్రవరి 6వ తేదీన వెలువడెను. చిరకాలము దీనిని 1931 నాటిదని వ్రాయుచుండిరి. తరువాతి పరిశోధకులు ఆ తేదీని సరిదిద్దిరి.

అమెరికాలో పాటల చిత్రములు ఒక తెగగా నిలిచినవి. మనదేశమున అన్ని చిత్రములును పాటల చిత్రములే యయ్యెను. అందుకు కారణము మన నాటకములు. పద్యము లేని నాటకమును మన పెద్దలు నాటకముగా నెంచలేదు. నటుడు చక్కగా పద్యము చదివినచో "వన్స్ మోర్" అని కేకలు వేసి మరల పాడించుకొనెడివారు. అట్టి ప్రేక్షకులే డేరా సినిమాలకును వచ్చిరి. కనుక చిత్రములు తీయువారు మొట్టమొదట గొంతునే వెదకిరి, ముఖము తరువాత.

మరియొక కారణమును కలదు. అది యంత్రమునకు సంబంధించినది. నేపథ్యగానము రాకముందు పాటను ముందుగా వేరుచోట ముద్రించి, చిత్రీకరణమున పెదవులు కదపు పద్ధతి లేదు. కెమేరా ఎదుట నటుడు పాడుచుండగనే శబ్దమును ముద్రించుచుండిరి. మైకు శబ్దతరంగములను విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తు ఒక దీపపు వెలుతురును హెచ్చించి తగ్గించును. ఆ వెలుతురు ఫిలిము అంచున సన్నని గీతగా పడును. ప్రదర్శించునపుడు ఇదంతయు తిరుగుబాటుగా జరిగి గీత మరల ధ్వని యగును. ఫిలిము సెకనుకు 24 బొమ్మల చొప్పున, నిమిషమునకు 90 అడుగుల చొప్పున పరుగెత్తును. మూడు నిమిషముల పాటకు 270 అడుగులు. చివరి పంక్తిలో నటుడు తడబడినను, వాద్యము శ్రుతి తప్పినను, ఎక్కడనో కాకి యరచినను ఆ 270 అడుగులును వ్యర్థమే. ముడి ఫిలిము అంతయు విదేశములనుండి రావలసినదే గనుక నిర్మాతకు ఆ కాకిపై గల కోపము ఎంతటిదో యూహించుకొనవచ్చును.

ఈ సంగతి పుస్తకములలో చదువుటకంటె చేసి చూచుట మేలని, పాఠశాల ఆవరణమున వేపచెట్టు క్రింద మేమొక పరీక్ష చేసితిమి. ముక్కాలిపీటమీద సెల్‌ఫోను నుంచి, దానినే మైకుగా భావించితిమి. ఒక బాలిక తరగతిగది గుమ్మమునుండి చెట్టువరకు నడచుచు పాడవలెను. ఒక బాలుడు కంజిర వాయింపవలెను. మొదటిసారి కంజిర పీట ప్రక్కనుండుటచే దాని మ్రోత తప్ప పాట వినబడలేదు. రెండవసారి కంజిరను చెట్టు వెనుకకు పంపితిమి. అపుడు బాలిక దూరముననున్నపుడు పాట గుసగుసవలెను, చేరువకు వచ్చునప్పటికి కేకవలెను వినబడెను. మూడవసారి ఆమెను పీటకు గజము దూరమున కదలక నిలువుమంటిమి. పాటయు కంజిరయు చక్కగా కుదిరినవి. కాని ఆమె నిలుచున్న తీరు చూచి తరగతి యంతయు నవ్వెను: పాడుచున్నట్లు లేదు, ఉపాధ్యాయునిచే చీవాట్లు తినుచున్నట్లున్నది! తొలినాటి చిత్రములలో పాట వచ్చినంతనే పాత్రలు స్తంభములవలె నిలిచిపోవుటకు కారణము అప్పుడు మాకు బోధపడినది. ఆనాడు వాద్యగాండ్రను తెర వెనుకను, పొదల మాటునను దాచి, మైకును కెమేరాకు కనబడని చోట వ్రేలాడదీసి, నటుని దాని క్రింద నిలుపుచుండిరి. ఆ నిర్బంధములో నిలిచియు సహజముగా నటింపగలవాడే గాయకనటుడు.

ఇక నాగయ్యగారి కథకు వత్తము. ఆయన పూర్తిపేరు ఉప్పలదడియం నాగయ్య. 1904 మార్చి 28వ తేదీన గుంటూరుసీమలోని రేపల్లెలో జన్మించిరి. కాని పెరిగి పెద్దవారై నాటకములాడినది చిత్తూరులో. ఆ ఊరి పేరే ఇంటిపేరుకంటె గట్టిగా అంటుకొనినది. హిందీ చిత్రముల గాయకనటుడు కుందన్‌లాల్ సైగల్‌గారు జన్మించినది అదే సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన. ఇరువురకును రెండువారముల యెడము. సైగల్‌గారు టైపు యంత్రములు విక్రయించుచు తిరుగగా, నాగయ్యగారు కచ్చేరీలో గుమాస్తాగా కాగితములు వ్రాసిరి. కొంతకాలము ఆంధ్రపత్రికలో పనిచేసిరి. ఉత్తరమునను, దక్షిణమునను చలనచిత్రము తన గాయకులను కార్యాలయముల బల్లలయొద్దనుండి లేపుకొని పోయినది.

చిత్తూరు నాటక సమాజమున నాగయ్యగారికి పేరు తెచ్చిన పాత్ర సారంగధర నాటకములోని చిత్రాంగి. ఆ దినములలో స్త్రీపాత్రలను పురుషులు ధరించుట సాధారణము. నిర్దోషియైన సవతికుమారునిపై నింద మోపి, అతనికి ఘోరశిక్ష పడునట్లు చేసిన రాణి చిత్రాంగి. తరువాతి కాలమున సాధువులకు పెట్టినది పేరైన నటుడు రంగస్థలమున మొదట మెప్పించినది ఇట్టి పాత్రతో నని మరువరాదు. ఈ చిత్రాంగి ప్రసక్తి ముందు మరల రాగలదు.

యౌవనమున ఆయనకు కుటుంబ దుఃఖములు పెక్కు కలిగెను. భార్యావియోగముచే మనసు విరిగి తిరువణ్ణామలైలో రమణమహర్షి ఆశ్రమమున కొంతకాలముండిరి. మన కృష్ణగిరికి తూర్పున పొరుగు జిల్లాయే తిరువణ్ణామలై. అక్కడనుండి తిరిగివచ్చిన తరువాతనే ఆయన చిత్రరంగమున ప్రవేశించిరి. అప్పటికి వయస్సు 34. కథానాయకుడగుటకు ఇది ముందు వయస్సు గాదు.

మొదటి చిత్రము 1938లో హెచ్. ఎం. రెడ్డిగారు దర్శకత్వము వహించిన "గృహలక్ష్మి". కన్నాంబగారు నాయిక. నాగయ్యగారిది సంస్కరణాభిలాషియైన దేశభక్తుని పాత్ర. మద్యపానమును మానుడని ఆయన పాడిన పాట జనుల నోళ్లలో నానెను. ఇచ్చట మనసీమ చరిత్ర యొకటి చెప్పవలెను. హోసూరు, కృష్ణగిరి తాలూకాలు ఆనాడు సేలము జిల్లాలోనివి. హోసూరు చేరువనున్న తొరపల్లిలో జన్మించిన రాజాజీగారు మదరాసు రాష్ట్ర ప్రధానమంత్రియై 1937 అక్టోబరు 1వ తేదీన మద్యనిషేధమును మొట్టమొదట ఆ సేలము జిల్లాలోనే అమలు పరచిరి. మరుసటి యేడే ఆ పాట వచ్చినది. మదరాసు రాజధానిలో తక్కిన జిల్లాలవారికి అది ఉపదేశము. కల్లు దుకాణములు మూతపడిన మన తాలూకాలవారికి ఇంటిముందరి వార్త.

ఆ చిత్రమునకు పనిచేసిన బి. యన్. రెడ్డిగారు పిమ్మట వాహినీ సంస్థను నెలకొల్పి 1939లో "వందేమాతరం" తీసిరి. చదువుకొని ఉద్యోగము దొరకని యువకుని కథ అది. నాయకుడు నాగయ్యగారు, నాయిక కాంచనమాలగారు. సంగీతమును నాగయ్యగారే కూర్చిరి. పట్టము చేతబట్టుకొని పనికై తిరుగుట నాటికిని నేటికిని ఒక్కటే గనుక, చిత్రమున ఆ యువకునకు లాటరీ తగులుట తప్ప తక్కినదంతయు మన పాఠకులకు పరిచితముగనే తోచును. 1940లో "సుమంగళి" వచ్చెను. అందు 36 ఏండ్ల నాగయ్యగారు వీరేశలింగము పంతులుగారిని తలపించు వృద్ధ సంస్కర్త వేషము వేసిరి. 1941లో "దేవత" వచ్చెను. అందు సీమనుండి చదివివచ్చిన బారిస్టరు. ఆ చిత్రములో ఆయన చెల్లెలుగా పాడిన టంగుటూరి సూర్యకుమారిగారు తరువాత సముద్రములు దాటి, 1961లో న్యూయార్కు నగరమున రవీంద్రుని నాటకమున నటించి బహుమానము పొందిరి. ఆ కథను మరియొక సంచికలో చెప్పవచ్చును.

నాగయ్యగారి గానవిశేషమేమి? దీనిని గూర్చి మా అభిప్రాయమును దాచక చెప్పుదుము. ఆ కాలపు రంగస్థల గాయకులు చాలమంది ఆయనకంటె పెద్ద గొంతుగలవారు. మైకు లేని నాటకశాలలో చివరి వరుసలోని చాపమీద కూర్చున్నవానికి పద్యము వినిపింపవలసినవారు గనుక వారి గొంతు అట్లు పెరిగినది. చిత్రములలోను వారట్లే పాడిరి. ఎదుట గజము దూరముననున్న నాయికకు వినిపించుటకు ఊరంతయు మారుమ్రోగునట్లు పాడిరి. నాగయ్యగారు మైకు చెవి యెంత సున్నితమైనదో గ్రహించిరి. మెల్లగా పాడిరి, మాటలాడినట్లు పాడిరి. పాటకు ముందున్న మాటయు, పాట తరువాతి మాటయు ఒకే శ్వాసలోనివిగా వినబడును. మాట ఎక్కడ ముగిసి పాట ఎక్కడ మొదలైనదో తెలియని ఘట్టములు ఆయన చిత్రములలో కలవు. హాలీవుడ్‌లో ఇట్టి పనినే బింగ్ క్రాస్బీ యను గాయకుడు చేసెను. మైకునకు చేరువగా నిలిచి, చెవిలో చెప్పినట్లు పాడి, 1932 మొదలు చిత్రములలో వెలిగి, 1944 నాటి "గోయింగ్ మై వే" చిత్రమున మతాచార్యుని పాత్రకు ఆస్కార్ బహుమానము పొందెను. ఇరువురును ఒకరినొకరు ఎరుగరు. యంత్రము ఇరువురకును ఒకే పాఠము చెప్పినది.

ఈ మెల్లని గొంతునకు తగిన పాత్రలు మూడు దొరకెను. అవి పోతన, త్యాగయ్య, వేమన.

"భక్త పోతన" కె. వి. రెడ్డిగారికి దర్శకులుగా తొలిచిత్రము. 1942లో జపానువారు బాంబులు వేయుదురను భయముచే మదరాసు పట్టణము ఖాళీయగుచున్న దినములలో తీసిన చిత్రమది. 1943 ఆరంభమున విడుదలయ్యెను. భాగవతమును రాజునకు అంకితమీయనన్న కవి కథ. "యోగి వేమన" 1947లో వచ్చెను. భోగియైన యువకుడు మృత్యువును కన్నులార చూచి విరాగియగు కథ. ఈ చిత్రమునకు ధనము అంతగా రాలేదందురు. మాకు మాత్రము నాగయ్యగారి నటన యంతటిలో ఇదియే శ్రేష్ఠమని తోచును. ఏలయన, పోతనయు త్యాగయ్యయు ఆరంభమునుండియే సాధువులు. వేమన మన కన్నులయెదుట మారవలెను. మొదట విలాసముగా పాడిన గొంతే చివర ఎండిన ఆకువలె పలుకవలెను. ముఖమున మార్పు చూపుట వేషమువేయువాని సాయముతో నగును. గొంతున మార్పు చూపుటకు సాయము చేయువాడెవడును లేడు.

ఈ రెంటి నడుమ 1946 నవంబరులో "త్యాగయ్య" వచ్చెను. త్యాగరాజస్వామి 1847 జనవరిలో సిద్ధిపొందిరి గనుక, నూరేండ్లు నిండుటకు రెండునెలలు మాత్రమే యుండెను. రేణుకా ఫిలింస్ అను తన సంస్థపక్షమున నాగయ్యగారే నిర్మాత, దర్శకులు, సంగీతకర్త, నటులు, గాయకులు నయిరి. కావేరీతీరమున తిరువయ్యారులో, చుట్టును తమిళము మాటలాడు సీమలో, ఇంటిభాషయైన తెలుగులో పాడిన వాగ్గేయకారుడు త్యాగరాజు. వినిన శిష్యులలో తెలుగు మాతృభాష కానివారు పెక్కుమంది. ఆ కృతులను కాపాడి మనకందించినవారిలో వారు ముఖ్యులు. తెలుగు ఇంట మాటలాడుచు, తమిళము వీధిలో మాటలాడుచు పెరుగుచున్న మనకు ఈ స్థితి పుస్తకములలో చదివి తెలిసికొనవలసినది కాదు. చిత్రము తమిళదేశమునను ఆదరము పొందెను. సంగీతరసికులకు ఆ భాష అడ్డుకాలేదు. పైగా ఆ భాష కొరకే వచ్చినవారును కలరు.

ఆ చిత్రమున పాడునపుడు నాగయ్యగారు విద్వాంసునివలె సభను చూడరు. త్యాగరాజు పాడినది సభకు కాదు, ఎదుటనున్న రాముని విగ్రహమునకు. కనుక చూపు కొంచెము క్రిందికి, ఇంటివారితో మాటలాడునట్లు నుండును. అన్న కోపించి విగ్రహములను కావేరిలో పారవేయగా త్యాగయ్య వెదకుచు తిరుగు ఘట్టమున రాగము చూపవలెనను ప్రయత్నమే లేదు. సంగీతశాస్త్రము నెరిగినవారు కొందరు ఇది చాలని గానమనవచ్చును. నటునకు ఎంత గానము కావలెనో అంతయే యున్నదని మేమందుము.

బొంబాయి "ఫిలిమిండియా" పత్రికా సంపాదకులు బాబూరావు పటేల్‌గారు కఠిన విమర్శకులని ప్రసిద్ధి. ఆయన నాగయ్యగారిని "భారతదేశపు పాల్ ముని" యని ప్రశంసించిరి. పాల్ ముని హాలీవుడ్ నటుడు. ఒకపాత్రనుండి మరొకపాత్రకు గుర్తుపట్టరానంతగా మారువాడు. 1936లో శాస్త్రజ్ఞుడగు పాశ్చరుగా నటించి ఆస్కార్ బహుమానము పొందెను. 1937లో రచయితయగు జోలాగా నటించెను. చరిత్రపురుషులను తెరమీద బ్రతికించుటలో పోలిక సరియైనదే. కాని పోలిక అక్కడితో ఆగును. పాశ్చరు పాడనక్కరలేదు. నాగయ్యగారు పోతనను, త్యాగయ్యను, వేమనను ముఖముతోపాటు గొంతుతోను వేరు వేరుగా చూపవలసి వచ్చెను. పరదేశపు పేరును బిరుదుగా నిచ్చుట ఆ కాలపు అలవాటు. ఇందులో మనవాని కష్టము కొంత తగ్గిపోయినది.

తమిళచిత్రముల సంగతి చెప్పకున్న మన పాఠకులు క్షమింపరు. 1941లో వచ్చిన "అశోక్ కుమార్" చిత్రమున నాగయ్యగారు అశోకచక్రవర్తి. తమిళుల ఆరాధ్య గాయకనటులు ఎం. కె. త్యాగరాజ భాగవతరుగారు కుమారుడగు కుణాలుడు, కన్నాంబగారు సవతితల్లి. సవతితల్లి నింద వలన కుణాలుడు కన్నులు పోగొట్టుకొనును. విద్యార్థులారా, ఈ కథ ఎక్కడనో విన్నట్లు లేదా? చిత్తూరు రంగస్థలమున ఆడిన సారంగధర కథయే పేర్లు మారి వచ్చినది. నాడు నింద మోపిన రాణిగా నటించినవారు, నేడు ఆ నిందను నమ్మి కన్నకొడుకును శిక్షించిన తండ్రియైరి. ఒకే కథను రెండువైపులనుండి అనుభవించు భాగ్యము నటులకు అరుదుగా దొరకును.

1945లో వచ్చిన "మీరా" చిత్రమున ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు మీరాబాయి, నాగయ్యగారు రాణా. దర్శకుడు ఎల్లిస్ ఆర్. డంగన్ అను అమెరికావాడు. కాలిఫోర్నియాలో చలనచిత్రకళ నభ్యసించి 1935లో మనదేశమునకు వచ్చి, తమిళము రాకయే తమిళచిత్రములు తీసినవాడు. ఇట్లు హాలీవుడ్ పద్ధతి నెరిగిన దర్శకుడును, తెలుగు నటుడును, తమిళ గాయనియు, రాజస్థాన కథయు ఒక్కచోట కలిసినవి. భాష తెలియని దర్శకుడు మాటను విడిచి ముఖమును చూచును. ముఖమున సూక్ష్మముగా చూపు అలవాటుగల నాగయ్యగారికి అట్టి దర్శకుడు కుదిరియుండును.

ఇక రెండవ ప్రశ్న మిగిలినది. పాటను ముందుగా ముద్రించి, చిత్రీకరణమున దానిని వినిపించుచు నటుని పెదవులు మాత్రము కదపుమను పద్ధతిని 1935లో కలకత్తాలోని న్యూ థియేటర్సువారు "ధూప్ ఛావోఁ" చిత్రమున ఆరంభించిరి. తెలుగున ఒకరి గొంతు మరియొకరి పెదవులకు అమరిన తొలి చిత్రముగా పేర్కొనబడునది 1943 నాటి "భాగ్యలక్ష్మి". రావు బాలసరస్వతీదేవిగారు కమలా కొట్నీస్‌గారికి పాడిరి. ఆ చిత్రమును నిర్మించినవారెవరనుకొందురు? రేణుకా ఫిలింస్ నాగయ్యగారే! గొంతును మేనును వేరుచేయు విద్యను తెలుగునాటికి తెచ్చిన సంస్థ, ఆ రెండును ఒక్కటియై యుండుటవలననే బ్రతికిన నటునిదే.

ఇందులో ఆయన దోషమేమియు లేదు. ఆ పద్ధతి రాక తప్పదు; దానివలన లాభములును కలవు. మా వేపచెట్టు పరీక్షనే మరల చేసితిమి. బాలిక కదలక పాడిన పాటను సెల్‌ఫోనునుండి వినిపించుచు, మరియొక బాలికను పెదవులు కదపుమంటిమి. ఆమె పరుగెత్తెను, చెట్టుచుట్టును తిరిగెను, గోడయెక్కి కూర్చుండెను, పాట చెడలేదు. నవ్వినవారెవరును లేరు. చూచుటకు ఎంతయో బాగుండెను. పాడిన బాలిక మాత్రము ప్రక్కన నిలిచి చూచుచుండెను.

1945 నాటి "స్వర్గసీమ"లో నాగయ్యగారు, భానుమతిగారు ముఖ్యపాత్రలు ధరించిరి. తెరవెనుక పాడిన వారిలో ఒక కొత్త యువకుడు కలడు. ఆయనయే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. తరువాతి ముప్పదియేండ్లు తెలుగు కథానాయకుల గొంతు ఆయనదే యయ్యెను. పాడలేనివారును నాయకులు కాగలిగిరి. నందమూరి తారక రామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు వెలిగిన కాలమది. అక్కినేనివారు తొలిచిత్రములలో తామే పాడి, తరువాత మానిరి. భానుమతిగారు మాత్రము తన పాట తానే పాడుదునని చివరివరకు పట్టు విడువలేదు.

నాగయ్యగారికి తండ్రులు, తాతలు, మునులు మిగిలిరి. తెలుగుననే గాక తమిళమునను ఇట్టి పాత్రలు పెక్కు వేసిరి. 1953లో "నా ఇల్లు" అను చిత్రమును తెలుగున తీసి, తమిళమున "ఎన్ వీడు" అని విడుదల చేసిరి. అది నష్టము తెచ్చెను. చేతికి ఎముకలేని దాతయని ఆయనకు పేరు. సంపాదించినది కొంత చిత్రములకును, కొంత అడిగినవారికిని పోయెను. అయినను 1964లో "భక్త రామదాసు"ను తానే తీసిరి. షష్టిపూర్తి వయస్సున రామదాసై తన పాటలు తానే పాడిరి. అదే చిత్రమున కబీరు వేషము గుమ్మడి వేంకటేశ్వరరావుగారిది. ఆయనకు బొంబాయినుండి వచ్చి మహమ్మద్ రఫీగారు పాడిరి. ఒకే చిత్రమున పాతపద్ధతియు కొత్తపద్ధతియు ఎదురెదురుగా కూర్చుండుట చూడవలెనన్న రామదాసును, కబీరును చూడుడు. ప్రేక్షకులు ఆ చిత్రమును ఇరువదియేండ్లు ముందు వచ్చియున్న ఆదరించినట్లు ఆదరింపలేదు.

1965లో ప్రభుత్వమువారు పద్మశ్రీ బిరుదమునిచ్చిరి. 1973 డిసెంబరు 30వ తేదీన మదరాసులో నాగయ్యగారు మరణించిరి. ఆనాటికి చేతిలో ధనము లేదు. త్యాగరాయనగరములోని పానగల్ పార్కున ఆయన విగ్రహమును ప్రతిష్ఠించిరి. పట్టుచీరలు కొనుటకు మన హోసూరునుండియు కృష్ణగిరినుండియు పోవువారు ఆ పార్కు ప్రక్కనుండియే నడచుదురు.

ఆయన చిత్రములను చూడగోరు విద్యార్థులకు ఒక మాట. ముందుగా "త్యాగయ్య"ను, తరువాత "యోగి వేమన"ను, "లవకుశ"ను చివరకును చూడుడు. పాట వచ్చినపుడు పెదవులను కాక కంఠమును చూడుడు. పల్లవి యెత్తుకొనుటకు ముందు ఊపిరి పీల్చునపుడు మెడనరము కొంచెము కదలును. ఆ క్షణమున చెవిలో ఊపిరి చప్పుడును వినబడునేమో గమనింపుడు. వినబడినచో, ఆ పాట ఎక్కడ ముద్రింపబడినదో మీరే చెప్పగలరు.